ఆదివారం సంతకం

మలేసియాలోని కోట బారు ఊళ్లో వరద తీసిన మూడో రోజు, బురద చెప్పులు గుమ్మం బయట వదిలి ఒక ముసలాయన బ్యాంకులోకి వచ్చాడు.

కౌంటర్లో జురైదా ఉంది. చేరి రెండేళ్లు. ఒక్క తప్పూ చేయని పిల్లని పేరు.

ఆయన తడిసి ఆరిన కాగితం ఒకటి ముందు పెట్టాడు. అది తనది కాదు, పక్కింటావిడ సోమ్‌ది. చేపల అప్పడాలు చేసే యంత్రాన్ని ఈ వడ్డీ లేని బ్యాంకే కొని ఆమెకు వాయిదాల మీద అమ్మింది. వరదకి అది మునిగిపోయింది. మూడు నెలలు గడువు కావాలి. ఆమె పసిపిల్లలతో బడిలో పెట్టిన సహాయ శిబిరంలో ఉంది, కదిలి రాలేదు.

"మేనేజరుగారు కౌలాలంపూర్ వెళ్లారు, పాక్‌చిక్. ఆదివారం వస్తారు," అంది జురైదా, ఆయన్ని బాబాయి వరసలో పిలుస్తూ.

"నీ సంతకం చాలదా అమ్మా?"

చాలుతుంది. వరదలో నష్టపోయినవాళ్లకి గడువిచ్చే అధికారం కౌంటర్లో ప్రతి ఒక్కరికీ ఉంది. కానీ ఆ బ్రాంచిలో ఇంతవరకు ఎవరూ దాన్ని వాడలేదు.

"చాలుతుందనుకోండి. రేపేదైనా తేడా వస్తే నన్నే కదా అడుగుతారు."

"అడుగుతారు," అని ఒప్పుకున్నాడాయన. "శుక్రవారం వ్యాపారి వస్తున్నాడమ్మా. గడువు దొరక్కపోతే వాయిదా కట్టడానికి యంత్రాన్ని ఎంతకైనా ఇచ్చేస్తుంది."

జురైదా కాగితాన్ని మేనేజరు ట్రేలో పెట్టింది. ఆయన గుమ్మం దాటి చెప్పులు తొడుక్కున్నాడు.

అక్కడి శుక్ర, శనివారాల సెలవు ముగిసి బ్యాంకు తెరిచిన ఆదివారం, మేనేజర్ నజ్మీ ఆ కాగితం చూసి, "ఇది నీ పనేగా, నాకోసం ఎందుకాపావు?" అన్నాడు.

అప్పటికప్పుడు సంతకం పెట్టి, జురైదా తనే శిబిరానికి తీసుకెళ్లింది.

సోమ్ కాగితం చదివి, మడిచి తిరిగిచ్చేసింది. యంత్రం శుక్రవారమే అమ్ముడుపోయిందట. ముసలాయన్ని ఒకసారి చూడాలని జురైదా అంటే, ఆయన నిన్న తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేవలేదనీ, మధ్యాహ్నమే ఖననం చేశామనీ చెప్పింది. పేరు వాన్ దెరామాన్ అంది.

తిరిగొచ్చి ఆ పేరు చెప్పగానే నజ్మీ చేతిలో పని ఆపేశాడు.

"కౌంటర్లో మీకా అధికారం ఊరికే రాలేదమ్మా," అన్నాడు. "ఇరవై ఏళ్ల క్రితం వరదలో ఒక గుమాస్తా పైవాళ్లని అడక్కుండా నలభై జాలరి కుటుంబాలకి గడువిచ్చాడు. వాళ్లంతా వాయిదాలు కట్టేశారు, బ్యాంకు నియమం మార్చుకుంది. కానీ అప్పటికే ఆ గుమాస్తాని ఉద్యోగంలోంచి తీసేశారు.

"ఆయనే వాన్ దెరామాన్."