గసగసాల చేను మానిన చిలుక

మద్దిచెట్టు తొర్రలో కెంపి అనే చిలుక, పై కొమ్మన చారలయ్య అనే ఉడత ఉండేవి. గసగసాల చేలో పచ్చికాయలు కొరికి, మత్తెక్కించే ఆ పాలు తాగడం కెంపికి అలవాటైంది. తాగి వచ్చిందంటే మొద్దునిద్రే. సందెవేళ చిలుకలన్నీ పేరుపేరునా పిలుచుకునేవి. కెంపి పలకదని రానురానూ దాని పేరు పిలవడమే మానేశాయి.

ఒకనాడు పాము తొర్రలో దూరి, అది పెట్టిన గుడ్డు మింగినా కెంపికి తెలివి రాలేదు. లేచి ఖాళీ గూడు చూసుకుని, "ఇక ఆ చేనువైపు పోను తమ్ముడూ" అంది.

"ఈ మాట ఎన్నిసార్లు వినలేదక్కా!" అని నవ్వింది ఉడత.

మూడు రోజులు కెంపి గజగజ వణికింది. కంటిమీద కునుకు లేదు. ఎదురుగా చేను కనిపిస్తూనే ఉంది, రెక్కలూ ఉన్నాయి, అయినా ఎగరలేదు. ఉడత నవ్వడం మాని జామపండు తెచ్చిపెట్టింది.

నాలుగోనాడు కెంపి కళ్లు మూతపడ్డాయి. మళ్లీ మొదలెట్టిందేమోనని ఉడత దగ్గరికి పరుగెత్తింది. తీరా చూస్తే కాలివేళ్లు కదులుతున్నాయి, నిద్రలో ఏదో గొణుగుతోంది. కల! మొద్దునిద్రలో ఏనాడూ అలా కలవరించలేదు. "ఎంత గట్టిదానివక్కా!" అనుకుంటూ ఉడత కాపలా కూర్చుంది.

సందెవేళ చిలుకలు పిలుపులు ముగించాయి.

"నన్ను పిలవరేం? నేనూ ఉన్నాను!" తొర్రలోంచి కేక వినిపించింది.