సిమెంటు బెంచీ మీద నవల

కుమారి నవలను బెంచీ మీద పెట్టింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మనిషి బొమ్మ పైకి కనపడేలా తిప్పింది. గాలికి ఎగిరిపోతుందేమోనని దాని మీద చిన్న రాయి పెట్టింది. రాయి పెడితే ఎవరో కావాలని పెట్టినట్టుంటుందని మళ్ళీ తీసేసింది.

"కాస్త కుదురుగా ఉండక్కా," అన్నాడు ఆటో మహేష్. "నువ్విలా తిరుగుతుంటే వచ్చేవాడు కూడా రాడు."

ఆదివారం కాదు కాబట్టి మంగినపూడి బీచ్‌లో జనం పలచగా ఉన్నారు. కుమారి మొక్కజొన్న పొత్తుల బండి చాటుకు వచ్చి, కొంగు తలమీదకి లాక్కుంది. అక్కణ్ణుంచి బెంచీ బాగా కనిపిస్తోంది. అయినా నిలవలేక ఇటొకసారి, అటొకసారి తొంగి చూసింది.

రెండేళ్ళుగా ఆమెకిదే పని. గుడివాడ స్టేషన్ దగ్గర పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర డిటెక్టివ్ నవలలు కొనడం, ఎక్కడో ఒకచోట వదిలి రావడం. ఒకసారి గుడివాడ బస్టాండులో. ఒకసారి అవనిగడ్డలో. మరోసారి హంసలదీవి వెళ్ళే దారిలో టీకొట్టు బల్ల మీద. ఎవరైనా అడిగితే, "చదివేవాళ్ళు చదువుకుంటారని" అనేది. మంచి పని చేస్తున్నావమ్మా అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు వినే ఓపిక ఆమెకుండేది కాదు. చూపంతా పుస్తకం మీదే. కాలేజీ పిల్లలు పట్టుకుపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు నాలుగు పేజీలు తిరగేసి పెట్టేసేవాళ్ళు. ఒక నవలనైతే మేక నమిలేసింది.

ఆమెకు కావలసింది ఒక్కడే. నాంచారయ్య.

నాంచారయ్య కృత్తివెన్నులో చేపల వ్యాను తోలేవాడు. లోడు ఎత్తేదాకా సీట్లో కాళ్ళు ముడుచుకుని నవల చదువుతూ ఉండేవాడు. కొనే అలవాటు లేదు. ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవడం, ఎక్కడ అయిపోతే అక్కడ వదిలెయ్యడం. పేజీ గుర్తుకి వల దారం ముక్క పెట్టుకునేవాడు.

ఒకరోజు చెరువు గట్టు మీద వ్యాను వెనక్కి తీస్తూ ఒక మనిషిని గుద్దేశాడు. దిగి చూస్తే చక్రం పక్కన నెత్తురు. కదలని ఒళ్ళు. ఫోను చెరువులోకి విసిరేసి, గట్టు వెంబడే పరుగు తీశాడు. మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టలేదు.

ఆ తర్వాత అన్నీ కబుర్లే. దివిసీమలో రొయ్యల చెరువుల మీద కూలికి ఉన్నాడని ఒకరు. బందరులో చూశామని ఒకరు. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఎవరు పిలిచారో కూడా చూడకుండా పారిపోతున్నాడని అందరూ. వెంటపడి పట్టుకుందామంటే, మోకాలు సరిగ్గా వంగని కుమారి పరుగేం పెడుతుంది?

పోయినవారం ఈ బెంచీ మీద ఒక నవల దొరికింది. ఆమె అవనిగడ్డలో వదిలిందే. లోపల వల దారం ముక్క ఉంది. అప్పట్నుంచి ఆమెకు నిద్ర లేదు.

"లోపల చీటీ రాసి పెట్టకపోయావా?" అన్నాడు మహేష్.

"చీటీ చూస్తే వల అనుకుంటాడు. ఇక ఏ పుస్తకమూ ముట్టడు."

"పోనీ పోలీసులకి చెప్పొచ్చుగా?"

"ఖాకీ చొక్కా కనపడితే ఈ జిల్లాలోనే ఉండడు. నువ్వు కూడా ఆ చొక్కాతో బయటికి రాకు. ఆటోలోనే కూర్చో."

మహేష్ బండి పక్కనే ఆపిన ఆటోలోకి జరిగాడు. మెల్లగా అడిగాడు.

"ఆ రోజు వ్యాను కింద పడిందే, ఆవిడ నీకేమవుద్దక్కా?"

"దగ్గరి మనిషే," అంది కుమారి బెంచీ వైపే చూస్తూ. "నాకంటే దగ్గరివాళ్ళు ఎవరూ లేరు ఆవిడకి."



ఎండ వాలుతుండగా వచ్చాడు. గుబురు గడ్డం, మాసిన లుంగీ. పుస్తకాన్ని చూశాడు, చూడనట్టే బెంచీ దాటి వెళ్ళిపోయాడు. కుమారి బండి అంచుని గట్టిగా పట్టుకుంది. కొంచెం దూరం పోయి ఆగాడు. అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి, పుస్తకం అందుకుని కూర్చున్నాడు.

"వాడేనా?" గొంతు తగ్గించాడు మహేష్.

"వాడే."

"వెనక నుంచి వెళ్ళి ఒడిసి పట్టేస్తాను. నాలుగు తగిలిస్తే..."

"నీ చెయ్యి వాడి మీద పడకూడదు," అంది కుమారి. "వాడితో లెక్క నాది."

ఇసకలో కాలు ఈడ్చుకుంటూ నడిచింది. రెండేళ్ళుగా మనసులో అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రావడం లేదు. అడుగు చప్పుడు వింటాడేమోనని భయం. వినకముందే చేరుకోవాలని తొందర.

తెరిచిన పేజీ మీద నీడ పడింది. నాంచారయ్య తలెత్తకుండానే పుస్తకం మూసి ముందుకు చాచాడు.

"మీదాండీ? తీస్కోండి. ఊరికే చూశానంతే."

కుమారి తీసుకోలేదు. తలమీది కొంగు తీసేసింది.

నాంచారయ్య లేచి పరిగెత్తబోయాడు. ఒక్కసారి ఆమె మొహం చూశాడు. సగం లేచినవాడు అలాగే ఆగిపోయాడు. పుస్తకం ఇసకలో పడింది.

తన వ్యాను కింద పడి చచ్చిపోయిందనుకున్న సొంత అక్క ఎదురుగా నిలబడి, "ఇంటికెళ్దాం రారా, తమ్ముడూ" అంటోంది.