మిట్టు బాప్తిస్మం

“మిట్టూ, నువ్వు యేసయ్యని నమ్ముతావేటి?”

హాల్లో రూబీ అడిగేసరికి వంటింట్లో దుర్గ చేతిలోని ఫోను జారబోయింది.

మిట్టు జానెడు ఎత్తు రోబో. కూతురికి తోడుగా ఉంటుందని విక్టర్ కొన్నాడు. దాని సొంత మాటలు పాఠ్యపుస్తకంలా ఉండి రూబీకి రుచించలేదు. ఫోనులో ఏం రాస్తే అదే మిట్టు గొంతులో పలుకుతుందని దుర్గ కనిపెట్టి, చాటుగా తనే జవాబులు రాయడం మొదలెట్టాక గానీ రూబీకి దానితో స్నేహం కుదరలేదు.

రూబీది తల్లి లేని పసితనం. దుర్గ విక్టర్‌ని చేసుకుని గరివిడి వచ్చి ఏడాదైనా, ఆ పిల్ల నోట ‘అమ్మా’ అన్న మాట రాలేదు. ‘ఇదిగో’, ‘మరే’లతో నెట్టుకొస్తోంది. మిట్టు దగ్గర మాత్రం మనసు విప్పేస్తుంది. చేపల పులుసు పుల్లగా ఉందని మిట్టుతో అంటే, మర్నాటికల్లా పులుపు తగ్గేది.

దుర్గ భావనపాడులో గంగమ్మకు మొక్కుతూ పెరిగిన మనిషి. యేసయ్యకీ ఓ దండం పెడితే పోయేదేముందనుకుని టకటకా రాసింది.

“నమ్ముతాను,” అంది మిట్టు.

“అయితే రా!”

కాసేపటికి పెరట్లో బుడుంగుమన్న చప్పుడు. దుర్గ పరుగెత్తింది. రూబీ నీళ్ల డ్రమ్ములోంచి మిట్టుని పైకి తీస్తోంది.

“ఓలమ్మో! ఏటే ఇది?”

“బాప్తిస్మం. తలకాయంతా ములగాలి గదా!”

మిట్టు కళ్లలో దీపాలు మిణుక్కుమని ఆరిపోయాయి. నాయనమ్మ ఎలీసమ్మ వచ్చి బుగ్గలు నొక్కుకుంది.

“ఓసి గుంటా! పాస్టరుగారు సేసే పని నువ్వు సేసేత్తావేటే? బొమ్మకి బాప్తిస్మమేటే?”

“నమ్మి ములిగినోళ్లే మనోళ్లవుతారని మొన్న నువ్వే గదా సెప్పినావు!”

ఎలీసమ్మ కోడలి ముఖం చూడలేక గబగబా లోపలికి వెళ్లిపోయింది.

దుర్గ గడప మీద కూలబడి మిట్టుని కొంగుతో తుడిచింది. మీట నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక ఈ పిల్ల మనసు తెలిసే దారేది? ఆమె కళ్లు చెమర్చాయి.

“నీ నేస్తం సచ్చిపోనాది రూబీ. నీకు బాధనిపించట్లేదేటి?”

రూబీ వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది.

“నేను ముంచింది మిట్టుని కాదు.”

“మరెవుల్నే?”

“నమ్ముతానని రాసింది నువ్వే గదా. నిన్నేనమ్మా.”