పదింటి ఫోను

సరిగ్గా పది గంటలకు ఫోను మోగింది. తాయప్ప లారీని రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపాడు. ముందూ వెనకా ఖనిజం లారీలు బారులు తీరి ఉన్నాయి.

"ఎట్లుండాదన్నా మోకాలు?" అంది షాలిని.

"ఇంకా నొస్తాండాదమ్మా."

"మంచం మీద కూచున్నావా? కుడికాలు చాపు. పైకెత్తు. ఒకటి... రెండు... ఏందన్నా ఆ హారన్లు?"

"రోడ్డు మీద లారీలమ్మా. ఈడ ఎప్పుడూ ఉండేవే."

ఆమె పది దాకా లెక్కపెట్టింది. తాయప్ప కాలు కదపకుండా, స్టీరింగుకు ఆనుకుని ఆ లెక్క విన్నాడు.

పోయిన వానాకాలంలో చికున్‌గున్యా తాయప్ప ఊరు యశ్వంతనగర్‌ను ఊడ్చిపెట్టింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. కీళ్లనొప్పులు మాత్రం కాపురం పెట్టాయి. మంచం దిగలేనివాళ్లకు రోజూ ఫోన్లో వ్యాయామం చేయించే ఏర్పాటు చేసింది బళ్లారి గాంధీనగర్‌లోని ఒక సంస్థ. అట్లా తాయప్పకు షాలిని గొంతు పరిచయమైంది. మనిషిని చూసింది లేదు.

భార్య పోయి పన్నెండేళ్లు. పిల్లల్లేరు. గనుల్లో డబ్బు దుమ్ములా లేస్తున్న రోజులు. ఎవరి పరుగు వాళ్లది. తిన్నావా అని అడిగేవాళ్లు లేని గదిలో, ఆ గొంతొక్కటే మనిషి అలికిడి.

మొదట్లో షాలిని మోకాలి సంగతి తప్ప ఇంకోటి ఎత్తేది కాదు. రానురాను "పొద్దున ఏం తిన్నావన్నా?" అని అడగసాగింది. ఆదివారాలు కూడా ఫోను చేయసాగింది.

నొప్పి చలికాలం దాటకముందే పోయింది. తాయప్ప మళ్లీ లారీ ఎక్కాడు. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. 'నయమైతే నీ పేరు తీసేసి, వరసలో ఉండేవాళ్లకు చేస్తామన్నా' అని ఆమె మొదటిరోజే చెప్పింది మరి.

ఎండలు ముదిరాయి. ఒకనాడు కుళాయి దగ్గర హనుమక్క కనబడింది. గనిలో రాళ్లేరే కూలి. అదే జ్వరం, అవే నొప్పులు. వేళ్లు మడవలేక బిందె జారవిడిచి, ఆ తడిలోనే కూలబడి ఏడ్చింది.

"ఆ ఫోనుకు నీ పేరు రాయించల్యా?" అన్నాడు తాయప్ప.

"దసరాకే రాయిస్తిని అన్నా. యాడ? ఇంతవరకూ రాల్యా."

తాయప్ప బిందె ఎత్తి కుళాయి కింద పెట్టాడు. ఆమెకు రావలసిన ఫోను తన జేబులో ఉంది.

మర్నాడు పనికి పోలేదు. బళ్లారి బస్సెక్కాడు. బస్టాండులో దిగుతుండగా పదయింది.

"ఎట్లుండాదన్నా?"

"నొస్తాండాదమ్మా," అన్నాడు, ఇదే ఆఖరి అబద్ధం అనుకుంటూ.

అడుగుతూ అడుగుతూ గాంధీనగర్‌లో ఆ ఆఫీసు పట్టుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ హుసేనప్ప స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"షాలిని మేడంతో ఒక మాట చెప్పల్లప్పా," అన్నాడు తాయప్ప. "నాకు నయమై శానా నాళ్లాయ. రేపట్నుంచి నాకు చేసే ఫోను మా ఊరి హనుమక్కకు చెయ్యమని చెప్పల్ల."

హుసేనప్ప అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏం ఫోనప్పా, ఆ పని పోయిన దీపావళికే మూసేసి ఆయమ్మను ఇంటికి పంపేసిరి కదా!"