రెప్ప మీది బుడిపె

ముందు పరీక్షకి వెళ్ళినవాడు మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. అది చూసి గోల్డుమెడల్ పెదవి విరిచాడు. కాలేజీలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. వెటకారమని అందరికీ తెలుసు, అతనికి తప్ప.

"ఏమిచ్చారేంటి?"

"రెప్ప మీద బుడిపె. ఎంత చెప్పినా మేడం 'ఇంకా, ఇంకా' అంటోంది."

"ఓస్, బుడిపేనా! దానికే ఈ ఏడుపా?"

కంటి వైద్యంలో ఇదే ఆఖరి పరీక్ష. గట్టెక్కితే కంటి డాక్టరు. లేదంటే ఇంకో ఆరు నెలలు ఈ మొద్దావతారాల పక్కనే కూర్చోవాలి. ఆ ఊహకే ఒళ్ళు మండింది అతనికి.

లోపల స్టూలు మీద ఒక ముసలాయన. ఎడమ పైరెప్ప అంచున బఠాణీ గింజంత బుడిపె. ఎదురుగా పరీక్షాధికారి మేడం.

"పది నిమిషాలు. చూసి చెప్పు," అందావిడ.

పది నిమిషాలా! అతనికి రెండు చాలు.

"తాతా, అలా గుడ్లప్పగించి చూడకు. కళ్ళు మూసుకో. ఎన్నాళ్ళైంది ఇది వచ్చి?"

"మూడేళ్ళు బాబూ. అసలు సంగతేంటంటే..."

"నీ సోది ఎవరడిగారు? అడిగినదానికే చెప్పు."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. గోల్డుమెడల్ బుడిపెని వేలితో నొక్కాడు. మెత్తగా ఉంది. పక్కనుంచి టార్చి వేశాడు. బుడిపె నిండా వెలుగు పరుచుకుంది. టార్చి ఆర్పేసి మేడం వైపు తిరిగాడు.

"చెమట గ్రంథి మూసుకుపోయి వచ్చిన నీటితిత్తి మేడం. వెలుగు దూరిందంటే లోపల నీళ్ళే. వెంట్రుకలు రాల్లేదు, పుండు పడలేదు. క్యాన్సర్ కాదు. తిత్తితో సహా తీసేస్తే మళ్ళీ రాదు."

"బాగా చెప్పావు. మరి కన్నెలా ఉంది?"

కన్ను అతను చూడనేలేదు. బుడిపె కోసం వచ్చినవాడికి కన్ను చూడ్డమేంటి, చాదస్తం కాకపోతే! అయినా తెలీదనడం అతని ఇంటా వంటా లేదు.

"భేషుగ్గా ఉంది మేడం. టార్చి వేయగానే కంటిపాప టక్కున ముడుచుకుంది. చూపుకి ఢోకా లేదు."

ఆవిడ తలొంచుకుని కాగితం మీద ఏదో రాసింది. ఇంకేముంది, పాసే! బయట కూర్చున్న మొద్దులకి ఈ మాట ఎలా చెప్పాలా అని అతను అప్పుడే వాక్యాలు పేర్చుకుంటున్నాడు.

"అమ్మా, ఇక తీసి కడుక్కోనా? మంట పుడుతోంది," అన్నాడు ముసలాయన.

మేడం తలూపగానే ఆయన కిందిరెప్ప లాగి, ఎడమవైపు గాజు కన్ను ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.