బియ్యప్పిండి చుక్క

"డాక్టరమ్మా, బిన్నా రామ్మా" అని తొందరపెడుతూ గంగాదేవి అవ్వ నా చెయ్యి పట్టుకుని కొట్టంలోకి లాగింది. ఆమె పుంగనూరు ఆవు పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. కడుపులో దూడ అడ్డం తిరిగింది.

"నేను సంచీ మోసేదాన్నవ్వా. డాక్టరు ఈమె. కెన్యా నుంచి వచ్చిన వంగారి మేడమ్."

అవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఇంత నల్లగా ఉండాదే, ఆవు బెదురుతాదేమోనమ్మా."

"మీకు స్వాగతం అంటోంది" అని మేడమ్‌కి ఇంగ్లీషులో చెప్పాను.

మేడమ్ నవ్వింది. "ఈ స్వాగతం నాకు తెలుసు. ప్రతి ల్యాబు గేటు దగ్గరా నన్నొక్కదాన్నే కార్డు అడుగుతారు." చేతులకు సబ్బు రాసుకుని ఆవు వెనక కూర్చుంది.

గంట తర్వాత దూడ వణుకుతూ లేచి నిలబడింది.

అవ్వ కాటుక తెచ్చింది. దూడకేమో అనుకున్నాను. మేడమ్ బుగ్గన పెట్టి, కళ్లు చికిలించి చూసి, ఇంకాస్త పెట్టింది.

"కనపడదే" అని గొణిగి, బియ్యప్పిండి తడిపి తెల్లచుక్క పెట్టింది. "ఇంత పనొచ్చినోళ్లకి దిష్టి తగలకుండా ఉంటాదా?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. మేడమ్ ఆ చుక్క చెరగకుండా చేతులు మాత్రమే కడుక్కుంది.

సాయంత్రం మదనపల్లె ల్యాబు గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పటిలాగే ఆమెను కార్డు అడిగాడు.

మేడమ్ బుగ్గ చూపించింది.