కాలవకు అడ్డం

పొద్దున్నే ఉల్లి చేలోకి దిగిన ఆమెకు చీలమండల దాకా నీళ్లు తగిలాయి.

ఇంకెవరి పని, ఆ ముసలాయనదే.

ఎక్కడి నుంచి వచ్చాడో తెలీదు, కాలవ పక్కన గది అద్దెకు తీసుకున్నాడు. వచ్చింది మొదలు ఒకటే పిచ్చి. కాలవలో చెక్క పలకలు దిగేసి, మట్టి బస్తాలు పేర్చి, చేలల్లో నీళ్లు బయటికి పోకుండా ఆపడం. ఈమె వాటిని పీకడం. చుట్టుపక్కల వాళ్లు ఆయనకు బురద తాత అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

ఈమెకు మాత్రం నవ్వు రాలేదు. మొగుడు పోయాక ఈ పల్లపు చేను కౌలుకు తీసుకుంది. కూతురికి ఉబ్బసం. తిండైనా, మందులైనా ఆ ఉల్లిలోంచే రావాలి.

"తాతా, నీకు వేరే పనేం లేదా?"

"లేదమ్మా," అన్నాడాయన, మోకాళ్ల లోతు బురదలో నిలబడి.

ఇది మామూలు మట్టి కాదని, తరతరాలుగా నీళ్లలో మగ్గిన ఆకూ గడ్డీ అని చెప్పుకొచ్చాడు. తడిగా ఉన్నంతకాలం బుద్ధిగా పడుంటుందట. ఎండితే ఊక కుంపటిలా లోపల్లోపలే రగిలి, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా పొగై పైకి పోతుందట. ఉల్లి మానేసి తుంగ వేసుకోమన్నాడు. అది నీళ్లలోనే పెరుగుతుంది, చాపలల్లేవాళ్లు కొంటారు.

"వేసిన పంట ముంచుకుని, తుంగ ఎదిగేదాకా నా పిల్లకేం పెట్టను?"

ఆయన తలొంచుకున్నాడు.

బురద కాలడమేమిటి, వినేవాళ్లుంటే ఏమైనా చెబుతారని ఆమెకు ఒళ్లు మండింది. పలకలన్నీ పీకి, ఇంటికి మోసుకెళ్లి పొయ్యిలో పెట్టేసింది. అంతటితో ఊరుకోక కాలవల ఆఫీసుకెళ్లి మొరపెట్టుకుంది. వాళ్లు వచ్చి ఆయన చేత గది ఖాళీ చేయించి, కాలవ ఛాయలకు రావద్దని గట్టిగా చెప్పి పంపారు. ఆయన కిక్కురుమనకుండా సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది ఆమె.

ఆ ఏడు ఎండలు మాడ్చేశాయి. గట్టు మీద ఎవరో ఎండుగడ్డి తగలబెట్టారు. మంట ఆరింది, పొగ ఆరలేదు. మర్నాడు చేను మధ్యలోంచి లేచింది, ఆ తర్వాత చేను పక్కనే ఉన్న ఆమె ఇంటి వెనక నుంచి. ఎక్కడా మంట కనబడదు, కాలు పెడితే నేల దిగబడుతుంది. దారి కుంగిపోయి బళ్లు రావడం మానేశాయి.

ఆమె తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, కూతుర్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పిల్ల గుండెల్లో పిల్లికూతలు. ఇంట్లో ఉంటే పొగ, బయటికెళ్తే కాళ్ల కింద నిప్పు. ఎటూ పోలేక, భయంతో ఆమె ప్రాణం గిలగిల్లాడింది.

ఫైరింజను వాళ్లు దూరం నుంచే నీళ్లు కొట్టారు. కొట్టినవి కొట్టినట్టే కాలవలోకి జారిపోతున్నాయి. కిటికీలోంచి చూస్తున్న ఆమెకు తను చేసిందేమిటో అప్పుడు బోధపడింది. వెళ్లి అడ్డం వేద్దామంటే గడప దాటే వీల్లేదు, పలకలేమో ఎప్పుడో బూడిదయ్యాయి.

సాయంత్రానికి నీళ్లు నిలవడం మొదలైంది. చేలో, పెరట్లో, దారి మీద. చుయ్యిమంటూ పొగ అణిగింది. పిల్లకు ఊపిరి అంది, నిద్రపోయింది. ఉల్లి మొత్తం మునిగినా ఆమె దాని వంక చూడనైనా లేదు.

కాలవ దగ్గర జనం మూగి ఉన్నారు.

బురద తాత బస్తాల మీద బోర్లా పడి ఉన్నాడు. దూరం నుంచే పొగ చూసి, నేల మీద దారి లేక కాలవలోంచే నడిచి వచ్చాడు. ఆ పొగలో ఒక్కడే అడ్డం వేసి, మళ్లీ పైకి రాలేకపోయాడు. ఆమె ఆయన కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు ఆయన కూతురొచ్చింది.

"తరిమేసినదాన్ని నేను. మా నేల మీద ఆయనకెందుకమ్మా అంత పట్టింపు? మేం ఆయనకేమవుతామని?" అని అడిగింది ఈమె.

ఆ కూతురు కాలవ వైపు చెయ్యి చూపింది.

"నాన్న ఇంజనీరు అక్కా. ఈ చిత్తడిని ఎండబెట్టి చేలు చేయాలని, కుర్రతనంలో ఈ కాలవ తవ్వించింది ఆయనే."